పదిహేడేళ్ళ వయసుకి పుస్తకాలు – ఒక పాఠకుడి అభిప్రాయాలు

సావనీరుకి ఏదైనా రాసిమ్మని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, "నేనేం రాస్తానయ్యా, నేను రచయితను కాదు గదా" అన్నాను. "మీరెప్పుడూ ఏదో ఒక పుస్తకం చంకలో పెట్టుకునే తిరుగుతారు గదా సార్, ఆ పుస్తకాల గురించే రాయండి" అన్నారు. తప్పించుకోవటానికి దారి లేకపోయింది. అందుచేత ఈ వ్యాసాన్ని విమర్శగా ఎవరూ తీసుకోవద్దు. గుంటూరు – మాచర్ల ప్యాసింజర్లో కిటికీ పక్కన కూచుని చదువుకునే ఒక పాత విద్యార్థి, ప్రస్తుతం జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పుకునే ఒక మనిషి, తనకు తోచిన నాలుగు మాటలు చెబుతున్నాడని మాత్రమే అనుకోవాలి.

గత రెండు మూడేళ్ళుగా నేను పనిగట్టుకుని ఒక రకం పుస్తకాలు చదువుతున్నాను. ఇంగ్లీషులో వాటిని "యంగ్ ఎడల్ట్" నవలలంటారు. అంటే పన్నెండు పదమూడేళ్ళు దాటి, ఇరవై లోపు ఉన్నవాళ్ళ కోసం రాసినవి. పిల్లలు కారు, పెద్దలూ కారు. ఇంట్లో "నీకేం తెలుసురా, కూచో" అంటారు, మరుక్షణం "ఇంత వయసొచ్చింది, ఆ మాత్రం తెలియదా?" అంటారు. ఈ రెండు మాటల మధ్య నలిగే వయసు అది. అమెరికా గ్రంథాలయాల వాళ్ళు ఈ వయసు వాళ్ళకి విడిగా ఒక బీరువా ఏర్పాటు చేశారు. ప్రచురణకర్తలు ఆ బీరువాని నింపటం ఒక వ్యాపారంగా చేసుకున్నారు. మన తెలుగులో ఆ బీరువా లేదు. 1947లో మొదలై కొన్ని తరాల్ని సాకిన "చందమామ" కూడా ఇప్పుడు రావటంలేదు. అది వచ్చిన రోజుల్లో మాత్రం ఏం జరిగేది? చందమామ మూసేసిన కుర్రాడు తిన్నగా అమ్మ చదివే వారపత్రిక సీరియల్లో పడేవాడు. మధ్యలో మెట్టు లేదు. మేమంతా అలా దూకినవాళ్ళమే.

బీరువా లేకపోయినంత మాత్రాన ఆ వయసు కథలు మనకు లేవని కాదు. అసలు మన పల్నాటి కథే ఆ వయసు కుర్రాడి కథ. శ్రీనాథుడి పేరు మీద ఉన్న, అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చు వేయించిన పల్నాటి వీరచరిత్రని తీసుకోండి. బాలచంద్రుడికి అప్పటికి మీసం మొలిచిందో లేదో! బొంగరాలాడుతుంటే ఆ బొంగరం పోయి ఒక స్త్రీ కాలికి తగులుతుంది. ఆమె దెప్పిపొడుస్తుంది. మీ వాళ్ళంతా కారంపూడి యుద్ధభూమిలో ఉంటే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా అన్నట్టు. ఆ ఒక్క ఎత్తిపొడుపుతో కుర్రాడు యుద్ధానికి బయలుదేరతాడు, తిరిగి రాడు. ఇప్పటికీ ఏటా కార్తీకంలో కారంపూడిలో వీరుల తిరునాళ్ళు జరుగుతున్నాయి. (మన గురజాల వాళ్ళం ఆ కథలో నలగామరాజు, నాగమ్మల పక్షం, అంటే కథ చెప్పేవాళ్ళ దృష్టిలో ప్రతినాయకుల పక్షం! చిన్నప్పుడు కారంపూడి చుట్టాల పిల్లలు దీన్నిబట్టి నన్ను చాలా ఏడిపించారు.)

చిన్నతనంలో ఈ కథ వింటే రోమాలు నిక్కబొడుచుకునేవి. ఈ వయసులో మళ్ళీ చదివితే నాకు తట్టిన ప్రశ్న వేరు. ఆ రాత్రి ఆ కుర్రాడికి భయం వేయలేదా? వేస్తే ఎవరితో చెప్పుకున్నాడు? కథలో దానికి చోటు లేదు. వీరగాథ లక్షణం అది, తప్పు పట్టను. కానీ పౌరుషం అనే మాట మన సీమలో ఇవాళ్టికీ ఎంతమంది కుర్రాళ్ళ చేత ఏమేం పనులు చేయిస్తున్నదో ఇక్కడ చదువుకున్న వాళ్ళకి నేను చెప్పనక్కరలేదు. కోర్టు వాయిదాలకి తిరిగే పాతికేళ్ళ వాళ్ళని మనం బస్టాండులో చూస్తూనే ఉన్నాం. "భయమేస్తోంది" అని చెప్పటానికి మన మగపిల్లలకి భాష నేర్పినవాళ్ళు లేరు. ఈ రకం నవలలు నేను వెతికి చదవటానికి అసలు కారణం ఇది.

అలా వెతుకుతుంటే దొరికిన ఇంగ్లీషు నవల "ది అవుట్‌సైడర్స్". 1967లో వచ్చింది. రాసింది ఎస్. ఇ. హింటన్. అచ్చయ్యేనాటికి ఆవిడకి పద్దెనిమిదేళ్ళు. రాయటం మొదలుపెట్టింది పదిహేనేళ్ళ వయసులో! ఆడపిల్ల రాసిందంటే మగపిల్లల ముఠాల కథని సమీక్షకులు నమ్మరేమోనని పేరులో పొడి అక్షరాలు మాత్రమే వేశారు. కథ అమెరికాలో తుల్సా ఊళ్ళో జరుగుతుంది. డబ్బున్న కుర్రాళ్ళది ఒక జట్టు, లేని కుర్రాళ్ళది ఒక జట్టు. ఒక రాత్రి పార్కులో కొట్లాట. పోనీబాయ్ అనే పద్నాలుగేళ్ళ వాణ్ణి అవతలి జట్టువాళ్ళు నీళ్ళలో ముంచుతుంటే, అతని స్నేహితుడు జానీ కత్తి తీస్తాడు. ఒకడు చనిపోతాడు. ఇద్దరూ పారిపోయి ఒక పాడుబడ్డ చర్చిలో దాక్కుంటారు.

ఈ పుస్తకం నేను రెంటచింతల ఎండలో, ఫ్యాను తిరగని రైలుపెట్టెలో చదివాను. చదువుతున్నంతసేపూ ఇది తుల్సా కాదు, మన ఊరి పక్క ఊరే అనిపించింది. రెండు వర్గాలు ఎందుకు విడిపోయాయో ఆ కుర్రాళ్ళెవరికీ సరిగ్గా తెలియదు. పెద్దవాళ్ళ దగ్గర్నుంచి వారసత్వంగా వచ్చిన పగ అది. జానీ కత్తి తీసింది పౌరుషంతో కాదు, భయంతో. ఆ విషయాన్ని ఆ అమ్మాయి దాచకుండా రాసింది. చివరికి తెలిసే సంగతేమిటంటే, మనం చదివిన కథంతా పోనీబాయ్ ఇంగ్లీషు మాస్టారికి రాసిచ్చిన కాంపోజిషను. పరీక్షల్లో మార్కుల కోసం నేను దిద్దే కాంపోజిషన్లు గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది. "నా అభిమాన నాయకుడు" తప్ప ఇంకేమీ రాయమని ఎన్నడూ అడగలేదు గదా!

లోపాలు లేవా? ఉన్నాయి. కొన్ని చోట్ల కన్నీళ్ళు మరీ ధారాళంగా పారతాయి. మంచివాడు చనిపోయేముందు మంచి మాటలు చెప్పి మరీ చనిపోతాడు. అయినా పద్దెనిమిదేళ్ళ పిల్ల రాసిందని తలుచుకుంటే ఆ మాత్రం క్షమించవచ్చు.

మా కాలేజీ పిల్లల చేతుల్లో ఎక్కువగా కనిపించేది జాన్ గ్రీన్ రాసిన "ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్" (2012). క్యాన్సరు ఉన్న ఇద్దరు పిల్లల ప్రేమకథ. హిందీలో 2020లో "దిల్ బేచారా" అని సినిమాగా కూడా వచ్చింది. చావు గురించి అబద్ధం చెప్పని పుస్తకం అని ఒప్పుకుంటాను. అయితే ఆ పిల్లలు పదిహేడేళ్ళకే అంత తెలివిగా, ప్రతి మాటా చెక్కినట్టుగా మాట్లాడతారా అనేది నా సందేహం. ఒక విద్యార్థినిని అడిగితే "మాట్లాడరు సార్, మాట్లాడగలిగితే బాగుండునని చదువుతాం" అంది. నా సందేహానికి అంతకంటే మంచి జవాబు ఏ విమర్శకుడూ చెప్పలేడు.

ఇక తెలుగులోకి వస్తాను. అసలు చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారు కడప జిల్లాకి చెందిన రచయిత, ఉపాధ్యాయుడు. ఆయన నవల "కొండపొలం" 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. 2021లో క్రిష్ దర్శకత్వంలో సినిమా అయింది. కథ ఇది: కరువొచ్చింది. గొర్రెలకి తాగటానికి నీళ్ళు లేవు, మేయటానికి గడ్డి లేదు. ఊళ్ళో గొర్రెలకాపరులంతా మందల్ని తోలుకుని నల్లమల అడవిలోకి పోతారు. వానలు పడేదాకా అక్కడే. దీన్నే కొండపొలం పోవటం అంటారు. ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, ఇంటర్వ్యూల్లో నోరు పెగలక తిరిగొచ్చిన రవీంద్ర కూడా తండ్రితో పాటు వెళతాడు.

నల్లమల మనకి కొత్త కాదు. మాచర్ల దాటి కాస్త పోతే అదే అడవి, అదే కొండలు. అందుకేనేమో నాకు ఈ నవల మొదటి పేజీ నుంచే దగ్గరయింది. అయితే దీని గొప్పతనం అడవి వర్ణనలో లేదు. నాయకుడు పిరికివాడుగా మొదలు కావటంలో ఉంది. చీకటంటే భయం, పులంటే భయం, ఇంగ్లీషంటే భయం, ఎదుటి మనిషి కళ్ళలోకి చూడాలంటే భయం. చదువు అతనికి ఇచ్చింది ఏమిటంటే భయాల జాబితాలో ఇంకో నాలుగు. అడవిలో మొదటి రాత్రుళ్ళు గొర్రెల మందలో కూచుని వణుకుతాడు. పెద్దలు నవ్వుతారు గానీ వెలివేయరు. "మేమూ ఇట్టాగే వణికాం" అన్నట్టు చూస్తారు. పొద్దున్నే గొర్రెలు లెక్కకి రావాలి, నీళ్ళు వెతకాలి, ముల్లు గుచ్చుకున్న కాలు చూడాలి. భయపడుతూనే ఈ పనులన్నీ చెయ్యాలి. పని చేస్తూ చేస్తూ ఉండగా భయం పక్కకి జరుగుతుంది. పోవటం కాదు, జరగటం. ఈ తేడాని పట్టుకున్న నవల తెలుగులో నేను వేరే చదవలేదు.

ఇక్కడ ఒక స్వంత విషయం. మా అక్కయ్య కొడుకు ఇంటర్మీడియెట్ ఎం.పి.సి.లో రెండు సబ్జెక్టులు తప్పాడు. వాణ్ణి చేర్పించింది అక్కయ్య నగలు కుదువపెట్టి. ఫలితాలొచ్చిన రోజు నుంచి గది తలుపు వేసుకుని కూచున్నాడు. అన్నం పళ్ళెం గడప దగ్గర పెడితే తీసుకునేవాడు, మాట లేదు. ఏటా ఫలితాలొచ్చిన మర్నాడు పేపర్లో ఎలాంటి వార్తలు చదవాల్సి వస్తుందో మనందరికీ తెలుసు. అక్కయ్య రాత్రుళ్ళు నిద్రపోకుండా ఆ తలుపు బయటే పడుకునేది. నేను వెళ్ళి నచ్చచెప్పబోయాను. నేను అధ్యాపకుణ్ణి గదా, నా నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా పాఠంలాగే వినిపించింది, నాకే. లేచొస్తూ సంచీలో ఉన్న "కొండపొలం" వాడి మంచం మీద పెట్టి వచ్చాను. ఏదో ఉద్దేశంతో పెట్టానంటే అబద్ధం, బరువని పెట్టాను.

నాలుగు రోజుల తరువాత ఫోను చేశాడు. "మావయ్యా, ఈడు పులి అరుపు ఇంటే చెట్టెక్కుదామని చూత్తన్నాడే. మళ్ళీ పొద్దున్నే మంద ఎనకమాల పోతానే ఉన్నాడు. భయపడతానే పోతన్నాడు" అన్నాడు. తరువాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. "సప్లిమెంటరీ ఫీజుకి ఆఖరు తేదీ ఎప్పుడు?" అని అడిగాడు. ఇది పుస్తకం చేసిన మహత్యం అని నేను చెప్పబోవటం లేదు. వాళ్ళమ్మ తలుపు బయట పడుకోవటమే చేసిందేమో. కానీ ఫోనులో వాడు మాట్లాడింది మాత్రం రవీంద్ర గురించే.

నవల మీద నాకున్న ఫిర్యాదులు కూడా చెప్పాలి. రెండో సగంలో నాయకుడి విజయాలు మరీ వరసగా వస్తాయి. అడవిని గురించిన సమాచారం అక్కడక్కడా పాఠ్యపుస్తకంలా అడ్డం పడుతుంది. ఆడవాళ్ళకి చోటు చాలా తక్కువ. సినిమా వాళ్ళు ఒక నాయికని తెచ్చి మందలో కలిపారు గానీ, అది ఆ లోటు తీర్చటం కాదు, ఇంకో లోటు. మా మేనల్లుడు సినిమా కూడా చూసి "పుస్తకంలో పులే పెద్దదిగా ఉంది మావయ్యా" అన్నాడు.

పాత విద్యార్థులు "ఇవన్నీ మాకు తెలియనివా? మా రోజుల్లో అంపశయ్య చదవలేదా?" అనవచ్చు. నిజమే. నవీన్ గారి "అంపశయ్య" 1969లో వచ్చింది. ఉస్మానియా హాస్టలు విద్యార్థి రవి జీవితంలో ఒక్క రోజు, పదహారు గంటలు. మెస్సు బాకీ, పరీక్షల బెంగ, అమ్మాయిల గురించి ఊహలు, ఊళ్ళో అప్పులు అన్నీ ఒకదానిమీద ఒకటి పడి వాడి బుర్రలో గిరగిర తిరుగుతుంటాయి. రచయిత పేరే "అంపశయ్య నవీన్" అయిపోయింది. ఈమధ్య మళ్ళీ చదివాను. ఇరవై ఏళ్ళప్పుడు రవి నేనే అనుకున్నాను. ఇప్పుడు వాడి చేత ఒక పూట కడుపునిండా అన్నం తినిపించాలనిపించింది. రవి దృష్టిలో ఆడపిల్లలు ఎప్పుడూ దూరంగా కనిపించే బొమ్మలే అన్న సంగతి కూడా ఈసారే గమనించాను.

ఇక్కడ నా దృష్టికొచ్చిన ఒక తేడా చెప్పాలి. కుర్రతనం మీద కథలు రెండు రకాలు. పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూసి చెప్పినవి కొన్ని. ఆ వయసులోనే నిలబడి, రేపేం జరుగుతుందో తెలియకుండా చెప్పినవి కొన్ని. మన తెలుగులో మొదటి రకం బ్రహ్మాండంగా ఉన్నాయి. నామిని గారి "పచ్చనాకు సాక్షిగా", "సినబ్బ కతలు" చిత్తూరు జిల్లా మాటలో, ఖదీర్‌బాబు గారి "దర్గామిట్ట కతలు" నెల్లూరు మాటలో – చదువుతూ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాను. పేదరికాన్ని ఇంత కమ్మగా చెప్పవచ్చా అనిపిస్తుంది. అయితే ఆ కమ్మదనం దాటి వచ్చినవాడిది. దాటుతున్నవాడికి అది కమ్మగా ఉండదు. నా విద్యార్థి ఒకడు "దర్గామిట్ట కతలు" తిరిగిస్తూ "బాగుంది సార్, ఆయన బయటపడ్డాడు గాబట్టి నవ్వుతున్నాడు" అన్నాడు. వాడు సున్నం బట్టీలో సెలవుల్లో పనిచేసే కుర్రాడు, పిడుగురాళ్ళ వాడు. వాడి మాటని ఖదీర్‌బాబు గారి కథలకి మచ్చగా చెప్పటంలేదు. ఆ పక్కన ఇంకో రకం పుస్తకం కూడా ఉండాలంటున్నాను.

వేంపల్లె షరీఫ్ గారి "జుమ్మా" కథల్లో ఆ రెండో రకం గొంతు కొంత వినిపించింది. 2012లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చిన పుస్తకం. పేరు కథలో తల్లి శుక్రవారం వచ్చిందంటే కొడుకుని నమాజుకి పొమ్మని వెంటపడుతుంది, కొడుకు బద్ధకిస్తాడు. ఏ ఇంట్లోనైనా జరిగే పోరే ఇది. 2007లో హైదరాబాదు మక్కా మసీదులో శుక్రవారం నాడే బాంబు పేలింది. ఆ తరువాత అదే తల్లి కొడుకుని నమాజుకి పోవద్దంటుంది. అంతే కథ. పేజీలు తక్కువ. భయం అన్నది ఎలా వచ్చి ఇంట్లో పీట వేసుకుని కూచుంటుందో అందులో ఉంది.

ఆడపిల్లల మాట ఇంతవరకూ దాటేశానని గమనించే ఉంటారు. నేను దాటెయ్యలేదు, పుస్తకాలే దాటేశాయి. బాలచంద్రుడి కథలో మాంచాల ఉంది. భర్తను యుద్ధానికి పంపిన వీరపత్ని అని పాడుకుంటాం. ఆమెదీ చిన్న వయసే. ఆమెకేమనిపించిందని ఎవరైనా అడిగారా? మా అక్కయ్య తరం వాళ్ళకి అద్దె లైబ్రరీల్లో యద్దనపూడి సులోచనారాణి గారి నవలలు దొరికేవి. "సెక్రటరీ" 1960లలో వచ్చింది. రాజశేఖరం కారు, మేడ చూసి మురిశారని ఎగతాళి చేసేవాళ్ళం మేము. అసలు వాళ్ళని పట్టుకున్నది జయంతి. ఆడపిల్ల ఉద్యోగానికి పోయి, తన జీతం తాను తెచ్చుకుని, యజమానికి ఎదురు జవాబు చెప్పటం. ఆ రోజుల్లో గురజాలలో ఉన్న ఆడపిల్లకి అది కారు కంటే పెద్ద విశేషం. ఇది మొన్న మా అక్కయ్య చెబితే తెలిసింది నాకు, ఇన్నేళ్ళకి.

ఇటీవలి వాటిలో నన్ను బాగా కదిలించింది రమేశ్ కార్తీక్ నాయక్ "ఢావ్లో" కథలు. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన యువకుడు. 2024లో యువ పురస్కారం వచ్చింది. ఢావ్లో అంటే బంజారా ఆడవాళ్ళు శోకంతో పాడే పాట. పెళ్ళయి పుట్టిల్లు వదిలిపోయే పిల్ల పాడుతుంది. ఈ కథల్లో తండా మనుషులు, గోర్ మాటలు, అడవి, ఆకలి ఉన్నాయి. అక్కడక్కడా కవి కలం కథకుడి కలాన్ని తోసుకుని ముందుకొస్తుంది. నడక కొంచెం తడబడుతుంది. అది పెద్ద దోషం కాదు.

ఈ పుస్తకం ఒక తండా నుంచి వచ్చి మా దగ్గర చదువుకుంటున్న విద్యార్థినికిచ్చాను. మన పల్నాటిలో తండాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మన పాఠ్యపుస్తకాల్లో అవి ఎన్నిసార్లు కనిపించాయో కూడా తెలుసు. వారం రోజుల తరువాత వచ్చి, "సార్, ఇందులో కొన్ని మాటలకి మీరు అర్థం చూసుకోవాలి, నేను చూసుకోనక్కర్లేదు" అంది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఒక విద్యార్థి నాకు పాఠం చెప్పటానికి ముందుకొచ్చిన సందర్భాలు తక్కువ. కూచోబెట్టి నాలుగు మాటలు నేర్పించుకున్నాను. ఉచ్చారణ కుదరక ఆ అమ్మాయి నవ్వింది. "వాళ్ళ తండా కథ బాగానే ఉంది గానీ మా తండాలో ఇట్టా జరగదు సార్, వేరేగా జరుగుద్ది" అని కూడా అంది. ఎలా జరుగుద్దో రాసి చూపించమన్నాను. "నాకు రాయటం రాదు" అంది. తుల్సా అమ్మాయి సంగతి చెప్పాను, పదిహేనేళ్ళకి మొదలుపెట్టిందని.

ఇప్పటికి ఒక నోటుబుక్కులో ఆరు పేజీలయ్యాయట. పెళ్ళి సంబంధం చూస్తున్నారని, డిగ్రీలో చేర్పిస్తారో లేదోనని ఆమె బెంగ. వాళ్ళ నాన్నతో మాట్లాడటానికి వచ్చే ఆదివారం మా సహాధ్యాపకురాలిని వెంటబెట్టుకుని తండాకి వెళుతున్నాను. "ఢావ్లో" ఆమె దగ్గరే ఉంది. "కొండపొలం" మా మేనల్లుడి దగ్గర్నుంచి వాడి స్నేహితుడి దగ్గరకి, అక్కడ్నుంచి దాచేపల్లిలో ఎవరి దగ్గరకో పోయిందని తెలిసింది. ఈ వ్యాసం చదివేవారిలో అది ఎవరి దగ్గరైనా ఉంటే, చదవటం పూర్తయ్యాకే తిరిగివ్వండి.